గుండయ్య లాల్చీ, షఫీ భాయ్ బ్లింకు

షఫీఉద్దీన్ భాయ్ ఒక్క క్లిక్కుతో ఎవరినీ వదిలిపెట్టిన పాపాన పోలేదు. ఫోటో తీస్తాడు. వెంటనే కెమెరా తిప్పి వెనక తెరలోకి తొంగిచూస్తాడు. తేలు కుట్టినట్టు ఎగిరి "బ్లింక్ కొడ్తున్నది!" అని అరుస్తాడు. అందరినీ మళ్ళీ నిలబెడతాడు. పురానాపూల్ నుంచి సంతోష్‌నగర్ దాకా షఫీఉద్దీన్ ఎవరంటే జనం బుర్ర గోక్కుంటారు. బ్లింక్ భాయ్ అంటే మాత్రం చంటిపిల్లలు కూడా ఉన్నచోటే ఆగి, నవ్వు మొహం పెట్టి, ఊపిరి బిగబడతారు. పాపం, వాళ్ళకి అలవాటైపోయింది.

ఆయన తీసిన పెళ్ళిళ్ళకు ఆల్బములు తయారుచేసేది నేను. సంతోష్‌నగర్‌లో నా దుకాణం. కంప్యూటర్ ముందు నా కుర్చీ, పక్కన ఆయన స్టూలు. ఆ స్టూలు మీద ఇంకెవరైనా కూర్చుంటే నాకే ఏదో వెలితిగా ఉంటుంది.

బ్లింకు అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డిజిటల్ కెమెరాలో తీసిన ఫోటోని వెనక చిన్న తెర మీద చూసుకునేటప్పుడు, వెలుతురు మితిమీరి పడిన చోటల్లా తెర నల్లగా, తెల్లగా మిణుకుతుంది. ఇక్కడ బట్ట నేత గానీ చర్మం ముడత గానీ ఏమీ మిగల్లేదు, ఉత్త తెలుపే, చూసుకో నాయనా అని కెమెరా చెప్పడం అన్నమాట. మామూలు ఫోటోగ్రాఫర్లు వెలుతురు ఒక గీత తగ్గించుకుని పని కానిస్తారు. కొందరైతే ఆ హెచ్చరికనే ఆపేసుకుని ప్రశాంతంగా బతుకుతారు. షఫీ భాయ్‌కి మాత్రం అది పక్కగదిలో అత్తగారి దగ్గు. ఎంత చిన్నగా వినిపించినా లేచి వెళ్ళాల్సిందే.

రీలు కెమెరా వదిలి డిజిటల్‌కి మారిన కొత్తలో ఆయనకీ సంగతి తెలియదు. మొదటి పెళ్ళిలోనే పెళ్ళికొడుకు తల్లి నుదురు తెర మీద నల్లగా తెల్లగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. భాయ్ గుండె ఆగినంత పనైంది. కెమెరాకి ఏదో జబ్బు చేసిందనుకుని, మరునాడే బిడ్డకు జ్వరమొచ్చినట్టు దాన్ని తువ్వాలులో చుట్టుకుని రిపేరు దుకాణానికి పరుగెత్తాడు.

"భాయ్, గిది జబ్బు గాదు. వెలుతురు ఎక్కువైందని చెప్తున్నది," అన్నాడట రిపేరు చేసేవాడు.

"ఎవరికి చెప్తున్నది?"

"నీకే."

ఆ రెండక్షరాలు ఆయన జీవితాన్ని మార్చేశాయి. అంతవరకూ ఆయనతో అంత నిజాయితీగా ఎవరూ మాట్లాడలేదు కాబోలు. సాయంత్రం నా దుకాణానికొచ్చి, స్టూలు మీద కూర్చుని, కళ్ళు అరమూసి చెప్పాడు: "జగదీశ్, చీకట్ల పోయినదాన్ని నువ్వు కంప్యూటర్ల ఎట్లనో గట్ల గుంజుకొస్తవ్. వెలుతుర్ల పోయినదాన్ని ఎవ్వడు తేలేడు. పోయిందంటే పోయిందే, ఖతం."

బయట వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆ మాట వాటి మీద వాలినట్టనిపించింది. అంతలో ఆయన లేచి, "నీ ట్యూబులైటు గూడ జెర ఎక్కువనే ఉన్నది," అని ఆర్పేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి పెళ్ళిలో ఎక్కడా ఒక్క మిణుకు ఉండకూడదని పంతం పట్టాడు. లేదు కూడా. పట్టపగలు జరిగిన పెళ్ళి అమావాస్య నాడు సొరంగంలో జరిగినట్టు వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి ఆల్బము తిరగేసి, "భాయ్, గిండ్ల మా పిల్లగాడు ఏడున్నడు?" అని అడిగాడు. షఫీ భాయ్ వేలుపెట్టి చూపించాడు. అది స్తంభమని తేలింది.

అప్పటి నుంచి ఆయన సిద్ధాంతం సర్దుకుంది. ఏది మిణికినా ఫరవాలేదో, ఏది మిణకకూడదో కనిపెట్టాడు. ఒకసారి బ్యాంకు గుమాస్తా ఒకాయన పాస్‌పోర్టు ఫోటోకి తెల్లచొక్కాతో వచ్చాడు. క్లిక్. "బ్లింక్ కొడ్తున్నది!"

"వెనకాల గోడ తెల్లగనే ఉండాలంటరు గదా భాయ్?"

"గోడను కొట్టుకోనీ మియా. గోడకు ఏమన్న ముక్కు చెవులున్నయా? బల్బు కొట్టుకుంటే గూడ నాకు ఫికర్ లేదు, దాని పనే అది. నీ కాలర్ సంగతి చెప్పు. కాలర్ మాయమైంది. మొండెం మీద తల తేలుతున్నది. గిట్ల ఫోటో తీసుకపోతే నిన్ను ఏ దేశం రానిస్తది?"

గుమాస్తా ఇంటికెళ్ళి బూడిదరంగు చొక్కా వేసుకుని వచ్చాడు. పెట్టుకున్న సెలవు కాస్తా చొక్కా మార్చుకోవడానికే సరిపోయింది.

పెళ్ళికూతుళ్ళకు ముస్తాబు చేసే ఫిర్దౌస్ ఆయనకు ఆగర్భ శత్రువు. ఆమె ముక్కు మీద మెరుపు అద్దుతుంది. ఆయన దాన్ని తుడిపిస్తాడు. ఆమె మళ్ళీ అద్దుతుంది.

"భాయ్, గా మెరుపు పెట్టనీకే నాకు సగం పొద్దు పట్టింది!"

"అమ్మా, నువ్వు ముక్కు మీద సూర్యుణ్ణి పెట్టినవ్. నేనేం చెయ్యాలె?"

"మీ కెమెరాకు అద్దాలు పెట్టియ్యుండ్రి. కండ్లు మసకైనయ్ దానికి."

"కండ్లు మసకైతే బ్లింక్ ఎట్ల కొడ్తది?"

ఈ వాదం ప్రతి పెళ్ళిలోనూ జరిగేది. రెండువైపులా చుట్టాలు కుర్చీలు దగ్గరికి జరుపుకుని, మంగళసూత్రం కన్నా శ్రద్ధగా దీన్ని చూసేవాళ్ళు. ఒకచోట అత్తగారి నుదుటి మీద జిడ్డు మిణికిందని కోడలి చేత తుడిపించాడు భాయ్. పెళ్ళయిన అరగంటకే కోడలికి అత్తగారి మొహం రుద్దే అవకాశం దొరికింది. ఆ అమ్మాయి ఎంత శ్రద్ధగా రుద్దిందంటే, అత్తగారు ఫోటోలో కొత్త ఇత్తడిచెంబులా వచ్చింది.

ఇంట్లోనూ ఇంతే. రంజాన్ పండగ నాడు కొత్తబట్టలతో ఎదురుగా నిలబడ్డ భార్యను రెండడుగులు పక్కకు జరగమన్నాడట. ఆమె మీద ట్యూబులైటు సూటిగా పడుతోందని. ఆ భార్య, ఇక్బాలున్నీసా ఆపా, ఓరోజు నాకు ఖుబానీ కా మీఠా పెడుతూ నిట్టూర్చింది: "నిఖా అయినప్పటి సంది ఈయన నన్ను చూసింది తక్కువ భయ్యా. నా మీద పడే వెలుతురును చూసింది ఎక్కువ."

భాయ్ ఆ మీఠా గిన్నెనే చూస్తున్నాడు. మీగడ మీద దీపం పడుతోంది.

ఇక గుండయ్య గారి అమ్మాయి మనస్విని పెళ్ళి సంగతి.

గుండయ్య మా వీధివాడే. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేరి ఫోర్‌మన్‌గా దిగాడు. ఆయనా, తమ్ముడు రామ్‌చందర్ జల్‌పల్లిలో పక్కపక్కన చిన్న చిన్న ప్లాట్లు కొని ఇళ్ళు కట్టుకున్నారు. ఒకే గోడ, ఒకే మెట్లు, ఒకరి పొయ్యి మీద కూర ఇంకొకరి ఇంట్లో వాసన. ఓ ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. పైపు ముందు ఎవరి సంపులో వెయ్యాలన్న దగ్గర లొల్లి మొదలైంది. వీళ్ళు అరుచుకుంటుంటే డ్రైవరుకు విసుగొచ్చి ఎదురింటి సంపు నింపి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. గుండయ్య ఆ ఇల్లు అద్దెకిచ్చేసి సంతోష్‌నగర్ వచ్చేశాడు.

మనస్విని మాత్రం ఆ బాబాయి భుజాల మీద పెరిగిన పిల్ల. పెళ్ళికి కొద్దిరోజుల ముందు నా దుకాణానికి వచ్చింది. స్టూలు మీద షఫీ భాయ్ చాయ్ ఊదుకుంటున్నాడు.

"అంకుల్, కంప్యూటర్ల బాబాయిని నా పక్కన పెట్టొచ్చా?"

"పిలవలేదా?"

"కార్డు పోయింది. వస్తడు గూడ. కానీ వాడు స్టేజీ ఎక్కితే నేను దిగుతనని బాపు ఒట్టు పెట్టుకున్నడు. బాబాయి లేకుంట నా పెండ్లి ఫోటో ఏందంకుల్? అందుకే తర్వాత మీరు అతికిస్తరేమోనని..."

అతికించడం నాకు కొత్త కాదు. రాని మేనమామలను తెప్పించాను. వచ్చిన అల్లుళ్ళను మాయం చేశాను. సరేనందామని నోరు తెరిచేలోపు షఫీ భాయ్ సాసర్ కింద పెట్టాడు.

"అతికిచ్చిన మనిషి ఏడ నిలబడ్డా నిలబడ్డట్టు ఉండడు బేటా. పాదాలు గాల్ల ఉంటయ్." ఆమె వైపు తిరిగి అడిగాడు. "మీ బాబాయి పెండ్లికి ఏం బట్టలేసుకుంటడు?"

ఆ పిల్ల కన్నీళ్ళ మధ్యలో నవ్వింది. "ఏ పెండ్లికైనా ఒకటే భాయ్. ముదురు నీలం సఫారీ."

"మరి బాపు?"

"తెల్ల పట్టు లాల్చీ."

"మస్తు," అని భాయ్ మళ్ళీ చాయ్ అందుకున్నాడు. బట్టల రంగులు అడగడం ఆయనకు మామూలే కనక నేను పట్టించుకోలేదు.

పెళ్ళి రోజు ఫంక్షన్ హాలులో తలంబ్రాలు అయ్యాయి, అప్పగింతల ఏడుపు ఇంకా కాలేదు. ఆ నడిమధ్య ఖాళీలో కుటుంబం ఫోటో. ఈ ఫోటో అయితేనే మగపెళ్ళివారి పెద్దలు భోజనానికి లేస్తారు. వాళ్ళు లేస్తేనే మిగతావాళ్ళు కూర్చుంటారు. కింద ఆకులు వేసి ఉన్నాయి. బగారన్నం వాసన హాలంతా తిరిగి, ఒక్కొక్కరి ముక్కు దగ్గర ఆగి, పేరుపెట్టి పిలుస్తోంది. రామ్‌చందర్ అన్నిటికన్నా చివరి వరసలో, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన కూర్చున్నాడు. ముదురు నీలం సఫారీ, ఒళ్ళో చేతులు. బడి బయట నిలబెట్టిన పిల్లాడిలా ఉన్నాడు.

గుండయ్య లాల్చీలో తళతళలాడుతూ కూతురి పక్కన నిలబడ్డాడు. క్లిక్.

"బ్లింక్ కొడ్తున్నది!"

హాలంతా మూలిగింది.

"గుండయ్యన్నా, లాల్చీ మొత్తం పోయింది. గుండీలు గూడ లేవు. జెర పక్కకు."

క్లిక్. "ఇంకా కొడ్తున్నది!" లైటు జరిపించాడు. క్లిక్. "లాభం లేదు! అన్నా, మీ పక్కన ముదురు రంగు బట్టల మనిషి ఉండాలె. గప్పుడు మీ తెలుపు అణుగుతది."

నా ఎరుకలో పక్కవాడి చొక్కా రంగు వల్ల లాల్చీ మిణకడం ఆగదు. కానీ ఆయన అంత గంభీరంగా చెబితే ఎవరు కాదంటారు? వియ్యంకుడి తమ్ముణ్ణి నల్లకోటుతో నిలబెట్టారు.

"సన్నగున్నడు. నీడ సాలదు."

వంటాయన్ని తెచ్చారు.

"చెమట. ఆయనే బ్లింక్ కొడ్తున్నడు."

కింద నుంచి ఒక ముసలాయన కర్ర ఊపాడు. "ఎవర్నో ఒకర్ని నిలబెట్టుండ్రయ్యా! నాకు షుగరుంది!"

షఫీ భాయ్ చేత్తో కళ్ళకు నీడ పెట్టుకుని, సముద్రంలో నావను వెతుకుతున్నట్టు హాలంతా పరికించాడు. "అగో! కుళాయిల కాడ! నీలం సఫారీ! కరెక్టు సైజు! ఎవరో గానీ జెర పైకి రావాలె!"

హాలులో తలలన్నీ స్టేజీ వైపు తిరిగాయి. గుండయ్య మెడ బిగుసుకుంది. "వాడు వద్దు భాయ్."

"ఎవరన్నా ఆయన? నాకు తెల్వదే. నాకు సఫారీ కావాలె, గంతే. మనిషితోని నాకేం పని?"

"వాడొస్తే నేను దిగుత."

"దిగితే ఫోటో ఎట్ల? పెండ్లిపిల్ల తండ్రి లేకుంట తియ్యాల్నా? సరే, పొద్దుగూకేదాక ఆగుదాం. గప్పుడు వెలుతురే తగ్గుతది."

పొద్దుగూకేదాకా అన్న మాట వినగానే హాలు హాలంతా లేచింది. పిల్చండయ్యా, రానియ్యండయ్యా, ఫోటోకే గదా అని నలుదిక్కుల నుంచి అరుపులు. షుగరు ముసలాయన స్వయంగా వెళ్ళి రామ్‌చందర్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆకలి అంత బలమైన బంధుత్వం నేను ఇంకోటి చూడలేదు. మగపెళ్ళివారి పెద్దాయన గుండయ్య వైపు చూసి, ఒక్కసారి తన పొట్ట నిమురుకున్నాడు. వియ్యంకుడి ఆకలి ముందు గుండయ్య ఒట్టు నిలవలేదు. దిగలేదు. అలాగని తిరిగి చూడనూ లేదు.

అన్నదమ్ములు పక్కపక్కన నిలబడ్డారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత సందు. మనస్విని ఊపిరి తీయడం మానేసింది.

నేను అప్పటికి భాయ్ వెనకే నిలబడి ఉన్నాను. క్లిక్. ఆయన భుజం మీదుగా తెరలోకి చూశాను. ఎక్కడా మిణుకు లేదు. లాల్చీ పట్టుదారం దారం కనిపిస్తోంది.

"భాయ్, ఏం కొడ్తలేదు గదా?" అని గొణిగాను.

ఆయన మడమతో నా కాలు తొక్కి, గట్టిగా అరిచాడు. "బ్లింక్ కొడ్తున్నది! మీ ఇద్దరి నడుమ సందుల నుంచి వెనక బల్బు కొడ్తున్నది! దగ్గరికి!"

బల్బు కొట్టుకుంటే తనకు ఫికర్ లేదన్న మనిషి ఈయనే. నేను కాలు పట్టుకుని ఊరుకున్నాను.

జానెడు జరిగారు. క్లిక్. "ఇంకా ఉన్నది సందు!" బెత్తెడు జరిగారు. "ఇంకా!" సఫారీ వచ్చి లాల్చీకి తగిలింది.

"భుజం తియ్యి," అన్నాడు గుండయ్య, కెమెరా వైపే చూస్తూ.

"నువ్వు పొట్ట తియ్యి," అని రామ్‌చందర్ కూడా కెమెరాకే చెప్పాడు.

"పొట్ట నాది. నా ఇష్టం."

"స్టేజీ గూడ నీదేనా? నీ అయ్య జాగీరా?"

"నా అయ్య అంటే నీ అయ్య గాదురా?"

ఒక్క క్షణం ఇద్దరూ ఆ మాటలో ఇరుక్కుపోయారు. ముందు మనస్విని ఫక్కుమంది. తర్వాత రామ్‌చందర్ మూతి వంకర పోయింది. గుండయ్య ఆపుకోబోయి, ఆపుకోలేక, పొట్టంతా కదిలేలా నవ్వి, తమ్ముడి మెడ మీద ఒక్కటిచ్చాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే, ఇంత మంచి ఘట్టం పోతుందేమోనని వీడియో తీసే డానియేలు తన పెద్ద లైటు టప్పున వేసి ముందుకొచ్చాడు. షఫీ భాయ్ వేలు నొక్కింది.

ఆయన కెమెరా తిప్పి చూశాడు. నేనూ చూశాను.

తెర మీద గుండయ్య లాల్చీ మెడ నుంచి కింద దాకా కొట్టుకుంటోంది. నలుపు, తెలుపు, నలుపు, తెలుపు. గుండీలు లేవు, పట్టు లేదు, ఒక్క దారం లేదు. ఆయన కెమెరాలో ఇంత పెద్ద బ్లింకు నేనెప్పుడూ చూడలేదు. ఆ తెల్లని శూన్యానికి ఆనుకున్న నీలం సఫారీ భుజం, నవ్వే మూడు మొహాలు. హాలంతా ఆయన అరుపు కోసం భయంభయంగా చూస్తోంది. షుగరు ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

షఫీ భాయ్ చాలాసేపు చూశాడు. బొటనవేలితో తెర ఆర్పేశాడు.

"క్లీన్ ఉన్నది," అన్నాడు. "పోయి తినుండ్రి."

ఆల్బము చేస్తూ నేను ఆయన పాత పెళ్ళిళ్ళ ఫోటోలు కొన్ని తెరిచి చూశాను. మొదటి క్లిక్కుల్లో చాలావాటిలో ఏ తప్పూ లేదు. ఆయన అరిచి మళ్ళీ తీసిన రెండోదానిలో మాత్రం కొత్తగా ఎవరో ఉన్నారు. ఒకచోట స్తంభం వెనక నిలబడ్డ మేనత్త, ఇంకోచోట గిన్నెలు కడుగుతున్న పెద్దమ్మ, మరోచోట వరుడి పక్కన చేరడానికి మొహమాటపడిన సవతి తమ్ముడు. ఎన్ని నిజం అరుపులో, ఎన్ని కావో ఇప్పటికీ నాకు లెక్క తేలలేదు. అడిగితే, "నీ మానిటర్ ఖరాబైంది," అంటాడు.

పెళ్ళయిన నెలకి గుండయ్య ఆల్బము పట్టుకుని నా దుకాణానికి వచ్చాడు. వెనక రామ్‌చందర్ ఉన్నాడు, స్కూటరు తోలింది ఆయనే. స్టూలు మీద భాయ్ ఉన్నాడు.

"ఇగో భాయ్, పెద్ద పేరుగల్ల ఫోటోగ్రాఫర్‌వి! ఏందిది? అన్ని ఫోటోల మంచిగనే ఉన్నది. గీ పెద్ద ఫోటోల నా లాల్చీకి సున్నం కొట్టినట్టున్నది! పట్టు అని చెప్తే ఒక్కడన్న నమ్ముతడా?"

"నా సఫారీ మంచిగొచ్చింది," అన్నాడు రామ్‌చందర్.

"నిన్నెవడడిగిండు?"

షఫీ భాయ్ ఆల్బము అందుకుని, ఆ పేజీని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. తలాడించాడు. నిజంగానే బాధపడ్డాడు. సంచీలోంచి కెమెరా బయటికి తీశాడు.

"నిజమే అన్నా. తప్పు నాదే. పోయి గవే బట్టలేసుకుని రాండ్రి. ఇద్దరు గట్లనే నిలబడుండ్రి. మళ్ళ తీస్త."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వద్దు భాయ్!" అన్నారిద్దరూ ఒక్కసారే. గుండయ్య ఆల్బము లాక్కున్నాడు. రామ్‌చందర్ అప్పటికే స్కూటరు కిక్కు కొడుతున్నాడు. "ఇదే మస్తుగున్నది! సున్నమే మంచిగున్నది!" అన్న కేక వీధి మలుపు దాకా వినిపించింది.

షఫీ భాయ్ గుమ్మంలో నిలబడిపోయాడు. లెన్సు మూత అప్పటికే తీసేసి ఉంది.